నల్లవారి హక్కుల పోరాటాన్ని చర్చి నడిపిందా, అడ్డుకుందా?

ఏటా జనవరి మూడో సోమవారం అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ పేరిట సెలవు. ఆ రోజు మన వాట్సాప్ గ్రూపుల్లో కూడా ఆయన ఫొటో, 'నాకో కల ఉంది' అన్న ఆ ఒక్క వాక్యం తిరుగుతుంటాయి. ఫొటోలోని మనిషి పాస్టర్ అని చాలామందికి తెలుసు. దాంతో కథ సులువుగా తయారైపోతుంది: దేవుణ్ణి నమ్మిన మంచివాళ్లు లేచారు, అన్యాయం ఓడిపోయింది. దీనికి సరిగ్గా ఎదురు వాదన కూడా ఎప్పట్నుంచో ఉంది. బానిసత్వాన్ని సమర్థించింది కూడా బైబిలు చేతపట్టినవాళ్లే కదా, మతం ఎప్పుడూ యజమాని పక్షమే అని. రెండు వాదనలకూ సాక్ష్యాలు దండిగా ఉన్నాయి. చిక్కంతా అక్కడే.

అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో 1963 ఏప్రిల్ రెండో వారంలో ఒకే బైబిలు చదివే మతపెద్దల్లో కొందరు జైలుకు వెళ్తే, కొందరు ఆ ఊరేగింపులు మానుకోమని పేపర్లో ప్రకటన ఇచ్చారు. ఆ వారాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు కొంత వెనక్కి వెళ్లాలి.

ముందు కొన్ని మాటలకు అర్థాలు

అమెరికాలో బానిసత్వం 1865లో రద్దయింది. ఆ తర్వాత ఒక తరం గడిచేసరికి దక్షిణాది రాష్ట్రాలు నల్లవారిని వేరుగా ఉంచే చట్టాలు వరసగా చేసుకున్నాయి. వీటినే జిమ్ క్రో చట్టాలంటారు. బడి వేరు, రైలు పెట్టె వేరు, ఆసుపత్రి వార్డు వేరు. 'వేరుగా ఉన్నా సమానంగా ఉంటే చాలు' అంటూ 1896లో సుప్రీంకోర్టు దీనికి ఆమోదముద్ర వేసింది. మన ఊళ్ల హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి గురించి తెలిసినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. కాకపోతే అక్కడ రెండో గ్లాసు సంగతి చట్టంలోనే రాసి ఉండేది, కాదన్నవాళ్లను పోలీసులే వచ్చి పట్టుకెళ్లేవారు.

'బ్లాక్ చర్చి' అన్న పేరుతో ఒకే సంస్థంటూ ఏదీ లేదు. నల్లవారు తమ చందాలతో కట్టుకుని, తమ పాస్టర్‌ను తామే పెట్టుకున్న బాప్టిస్టు, మెథడిస్టు, పెంతెకొస్తు చర్చిలన్నిటినీ కలిపి అలా పిలుస్తారు. వీటిలో పాతదైన ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చి 1816లో ఏర్పడింది. ఫిలడెల్ఫియాలో ఒక మెథడిస్టు చర్చిలో ప్రార్థన జరుగుతుండగానే నల్లవారిని మోకాళ్ల మీంచి లేపేయబోతే, రిచర్డ్ అలెన్, ఆయన తోటివారు బయటికి నడిచారు. ఆ నడక నుంచి పుట్టిన చర్చి అది.

ఇక నైతిక నాయకత్వం. పదవి లేకుండా, పోలీసుల బలం లేకుండా, జనం ఒకరి మాట వినడం. మాటకారితనంతోనే అది రాదు. చెప్పినదానికి ముందు తనే నష్టపోయినవాడి మాటకే ఆ బరువు వస్తుంది. శాసనోల్లంఘన కూడా అలాంటిదే: అన్యాయమైన చట్టాన్ని నలుగురి ముందూ ధిక్కరించడం, శిక్షను తప్పించుకోకుండా అనుభవించడం. ఉప్పు సత్యాగ్రహం చదువుకున్న మనకు ఇది కొత్త కాదు.

ఒకే గ్రంథం నుంచి రెండు పాఠాలు

1807లో లండన్‌లో ఒక బైబిలు అచ్చయింది. వెస్టిండీస్ దీవుల్లోని బానిసల కోసం ప్రత్యేకంగా తయారు చేసిన ప్రతి అది. ఐగుప్తు దాస్యం నుంచి ఇశ్రాయేలీయులు బయటపడే నిర్గమకాండంలో చాలా భాగం అందులో లేదు. దాసులు యజమానులకు లోబడి ఉండాలన్న మాటలు మాత్రం భద్రంగా ఉన్నాయి. ఏ అధ్యాయాలు బానిసల చెవిన పడకూడదో యజమానులకు బాగా తెలుసు. మోషే కథ బానిసల పాటల్లో, ప్రార్థనల్లో మళ్లీ మళ్లీ వచ్చేది. బానిసలను రహస్యంగా ఉత్తరాదికి తప్పించిన హేరియట్ టబ్‌మన్‌ను జనం మోషే అనే పిలిచారు. 1831లో వర్జీనియాలో తిరుగుబాటు చేసిన నాట్ టర్నర్ కూడా బోధకుడే. ఆ తర్వాత దక్షిణాదిలో నల్ల బోధకుల మీద ఆంక్షలు బిగిశాయి.

తెల్ల చర్చిలు ఈ ప్రశ్న మీదే చీలిపోయాయి. బానిసలున్న వ్యక్తిని మిషనరీగా పంపవచ్చా అన్న తగవు ముదిరి, 1845లో జార్జియాలోని అగస్టాలో సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ విడిగా ఏర్పడింది. ఇక్కడ మనకో చిన్న చుట్టరికం ఉంది. శామ్యూల్ డే 1840లో నెల్లూరులో మొదలుపెట్టిన తెలుగు మిషన్‌ను నడిపింది అమెరికన్ బాప్టిస్టుల ఉత్తరాది బోర్డు. బానిస యజమానులను మిషనరీలుగా ఒప్పుకునేది లేదని చెప్పిన బోర్డు అదే. ఆ తగవు నడుస్తున్నప్పుడు నెల్లూరు మిషన్‌కు ఇంకా నాలుగైదేళ్లే. సదరన్ బాప్టిస్టులు బానిసత్వాన్ని సమర్థించినందుకు తీర్మానం చేసి క్షమాపణ చెప్పింది 1995లో, అంటే సరిగ్గా 150 ఏళ్లకు.

అంటే నమ్మకం మనిషికి ధైర్యం ఇస్తుంది, మాట ఇస్తుంది. ఏ పక్షాన నిలబడాలో మాత్రం దానంతట అది తేల్చదు. మరి తేల్చేదేమిటి? నా మటుకు నాకు చాలా భాగం జవాబు ఒక నేలబారు ప్రశ్నలో దొరుకుతుంది: జీతం ఎవరిస్తున్నారు?

మాంట్‌గమరీ బస్సులు: జీతం, కారు, కోడి వేపుడు

1955 డిసెంబరు 1న అలబామా రాజధాని మాంట్‌గమరీలో రోసా పార్క్స్ అనే నల్ల మహిళ బస్సులో తెల్ల ప్రయాణికుడికి సీటు ఇవ్వనన్నారు, అరెస్టయ్యారు. ఆమె కంటే తొమ్మిది నెలల ముందే, మార్చి 2న, పదిహేనేళ్ల క్లాడెట్ కోల్విన్ ఇదే 'నేరానికి' అరెస్టయింది. బస్సులను బహిష్కరించాలన్న పిలుపు మొదట ఏ చర్చి నుంచీ రాలేదు. విమెన్స్ పొలిటికల్ కౌన్సిల్‌కు చెందిన జో ఆన్ రాబిన్సన్ అనే కాలేజీ లెక్చరర్ రాత్రికి రాత్రి కాలేజీ మెషీన్ మీద వేలకొద్దీ కరపత్రాలు తీసి పంచారు. పార్క్స్‌ను బెయిలు మీద విడిపించిన ఇ.డి. నిక్సన్ రైల్వే పోర్టర్, యూనియన్ నాయకుడు.

ఇక్కడ జీతాల లెక్క చూడండి. లెక్చరర్ జీతం ప్రభుత్వానిది, పేరు బయటికొస్తే ఉద్యోగం పోతుంది. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల కూలి తెల్ల యజమానురాలి చేతిలో. పోర్టర్‌కు వెనక యూనియన్ ఉంది. పాస్టర్‌కు జీతమిచ్చేది ఆయన ప్రసంగం వినే నల్లవారే, ఆయన్ను తీసేసే అధికారం మేయర్‌కు లేదు. ముందు నిలబడ్డానికి పాస్టర్లు ఎందుకు తగినవారయ్యారో ఈ లెక్కే చెబుతుంది. వాళ్లలో 26 ఏళ్ల కింగ్‌ను బహిష్కరణకు నాయకుడిగా ఎన్నుకోవడానికి ఇంకో కారణం, ఆయన ఊరికి కొత్త. అప్పటికింకా ఎవరితోనూ తగాదాలు లేవు, ఎవరికీ బాకీ పడలేదు.

తర్వాత బహిష్కరణ నడిచిన 381 రోజులూ చర్చి ఇచ్చింది ప్రార్థన ఒక్కటే అనుకుంటే పొరపాటు. మీటింగులకు హాలు, కార్లు బయల్దేరే స్టాండు, చందా పళ్లెం అన్నీ చర్చివే. చర్చిల పేరిట స్టేషన్ వ్యాగన్లు కొని, పక్కన చర్చి పేరు రాయించి జనాన్ని పనులకు చేరవేశారు. స్థానికంగా ఇన్సూరెన్స్ రద్దు చేయిస్తే లండన్‌లోని లాయిడ్స్ నుంచి తెచ్చుకున్నారు. జార్జియా గిల్మోర్ అనే వంటమనిషి కోడి వేపుడు శాండ్‌విచ్‌లు, కేకులు చేయించి అమ్మి ఆ డబ్బు మీటింగుల్లో ఇచ్చేవారు. తన బృందానికి ఆమె పెట్టిన పేరు 'క్లబ్ ఫ్రమ్ నోవేర్'. డబ్బు ఎక్కడిది అని అడిగితే ఎక్కడిదీ కాదు అని చెప్పడానికే ఆ పేరు, ఎందుకంటే ఇచ్చినవాళ్ల ఉద్యోగాలు పోకూడదు. కోర్టులో బస్సు కంపెనీ ఆగడాలు చెప్పినందుకు ఆమె ఉద్యోగం మటుకు పోనే పోయింది. తర్వాత ఇంట్లోనే వంట పెట్టారు.

చివరికి బస్సుల్లో వేర్పాటు పోయింది కోర్టు తీర్పుతో. ఆ కేసు వేసిన నలుగురు ఆడవాళ్లలో కోల్విన్ ఒకరు, పార్క్స్ కాదు.

జీతం సూత్రం చర్చి బయట కూడా పనిచేసింది. హక్కుల సంఘమైన ఎన్.ఎ.ఎ.సి.పి.లో సభ్యులుగా ఉన్న ప్రభుత్వోద్యోగులను పనికి పనికిరారని సౌత్ కరోలినా 1956లో చట్టం చేసింది. సభ్యత్వం వదులుకోనన్న టీచర్ సెప్టిమా క్లార్క్ దశాబ్దాల సర్వీసు పోగొట్టుకున్నారు. ఆమె సలహాతో 1957లో జాన్స్ ఐలాండ్‌లో ఓటు కోసం చదువు నేర్పే బడి మొదలైంది. టీచరుగా బెర్నీస్ రాబిన్సన్‌ను పెట్టారు. ఆమె బ్యూటీషియన్. కస్టమర్లందరూ నల్లవారే కాబట్టి ఆమె పొట్ట కొట్టే శక్తి ఏ తెల్ల అధికారికీ లేదు.

బర్మింగ్‌హామ్: ఎనిమిది మంది పెద్దలు, ఒక ఉత్తరం

అహింస కింగ్‌కు పుట్టుకతో వచ్చిందేమీ కాదు. మాంట్‌గమరీలో మొదటి రోజుల్లో ఆయన ఇంట్లో తుపాకులుండేవి. బేయార్డ్ రస్టిన్ లాంటివాళ్లు వచ్చి గాంధీ పద్ధతి నేర్పారు. జేమ్స్ లాసన్ అనే మెథడిస్టు 1953 నుంచి మూడేళ్లు నాగపూర్‌లోని హిస్లాప్ కాలేజీలో పనిచేసి, ఆ చదువుతో వెనక్కి వెళ్లి నాష్‌విల్ విద్యార్థులకు దెబ్బలు తిని కూడా చెయ్యెత్తకుండా ఉండడం ప్రాక్టీసు చేయించారు.

1963లో బర్మింగ్‌హామ్‌ను, అందులోనూ ఈస్టర్ ముందు రోజుల్ని ఎంచుకోవడంలో వ్యాపార లెక్క కూడా ఉంది. క్రిస్మస్ తర్వాత షాపులకు పెద్ద సీజను అదే. స్థానిక పాస్టర్ ఫ్రెడ్ షటిల్స్‌వర్త్ అప్పటికి ఏడేళ్లుగా పోరాడుతున్నారు. 1956 క్రిస్మస్ రాత్రి ఆయన ఇంటిని బాంబుతో పేల్చేశారు కూడా. ఏప్రిల్ 10న నగర అధికారులు, ఊరేగింపులు జరపకూడదని కోర్టు ఆర్డరు తెచ్చారు. 12న, గుడ్ ఫ్రైడే ఉదయం, గాస్టన్ మోటెల్ గదిలో తర్జనభర్జన. బెయిలు డబ్బు అయిపోయింది. కింగ్ జైలుకెళ్తే డబ్బు సేకరించేవాళ్లు లేరు, వెళ్లకపోతే జనానికి ముఖం చూపించలేరు. పక్క గదిలోకి వెళ్లి, సూటు విప్పేసి, కూలీలు వేసుకునే డెనిమ్ బట్టలు తొడుక్కుని బయటికొచ్చారు. కాసేపటికి అరెస్టయ్యారు.

అదే సమయంలో ఎనిమిది మంది తెల్ల మతపెద్దల ప్రకటన వెలువడింది. బిషప్పులు, పాస్టర్లు, ఒక యూదు రబ్బీ. వీళ్లను విలన్లుగా చూపించడం తేలిక, కానీ అన్యాయం. ఆ జనవరిలో వీళ్లలో చాలామంది, కోర్టు తీర్పులను ధిక్కరించవద్దని తమ తెల్ల ప్రజలకే చెప్పి తిట్లు తిన్నారు. ఇప్పుడు వాళ్ల వాదన ఇది: కరడుగట్టిన పోలీసు కమిషనర్ బుల్ కానర్ ఏప్రిల్ 2న మేయర్ ఎన్నికలో ఓడిపోయాడు, కొత్తవాళ్లకు కొంత టైము ఇవ్వండి, గొడవలు కోర్టుల్లో తేల్చుకోండి, బయటివాళ్లు వచ్చి వీధుల్లో టెన్షన్ పెంచొద్దు.

కింగ్ జైల్లో పేపర్ అంచుల మీద, దొరికిన చిత్తు కాగితాల మీద జవాబు రాశారు. ఏప్రిల్ 16 తేదీతో వెలువడిన ఆ ఉత్తరం సారాంశం: టైము ఇచ్చే చూశాం. 1962లో షాపుల యజమానులు వేర్పాటు బోర్డులు తీసేస్తామన్నారు, తీసి మళ్లీ పెట్టారు. టెన్షన్ మేం పుట్టించింది కాదు, లోపల దాగున్నదాన్ని బయటికి తెచ్చాం. కరడుగట్టిన జాత్యహంకారి కంటే, న్యాయం కన్నా ప్రశాంతతే ముఖ్యమనుకునే మితవాదే పెద్ద అడ్డంకి.

చట్టం మంచిదా చెడ్డదా: ఒక పర్మిట్ కథ

ఎవరికి వారే చట్టాన్ని మీరితే వేర్పాటువాదులు కూడా మీరుతారు కదా? ఇది గట్టి ప్రశ్నే. దీనికి కింగ్ కొన్ని పరీక్షలు పెట్టారు. తాను పాటించని నియమాన్ని మెజారిటీ ఇతరుల నెత్తిన పెట్టిందా? ఆ చట్టం చేసేటప్పుడు వాళ్లకు ఓటు ఉందా? కాగితం మీద బాగున్న చట్టాన్ని ఒకరి మీదే కక్షగా వాడుతున్నారా? మీరేవాడు బహిరంగంగా మీరి శిక్ష అనుభవిస్తున్నాడా?

ఊరేగింపుకు పర్మిట్ తీసుకోవాలన్న నియమాన్నే తీసుకోండి. ట్రాఫిక్ కోసం ఏ ఊళ్లోనైనా ఉంటుంది, తప్పు లేదు. బర్మింగ్‌హామ్‌లో పర్మిట్ అడగడానికి వెళ్తే కానర్ చెప్పింది ఏమిటంటే, పర్మిట్ ఇచ్చేది లేదు, జైలుకైతే పంపిస్తాను అని. మూడో పరీక్షలో చట్టం తప్పింది.

దేశపు అతిపెద్ద కోర్టు మాత్రం దీనికి రెండు జవాబులిచ్చింది. కోర్టు ఆర్డరును ముందు కోర్టులోనే సవాలు చేయాల్సింది, మీరడం తప్పే అని 1967లో 5-4 తేడాతో తీర్పు చెప్పింది. కింగ్ మళ్లీ వెళ్లి జైల్లో కూర్చున్నారు. 1969లో షటిల్స్‌వర్త్ కేసులో, అసలా పర్మిట్ నియమమే రాజ్యాంగ విరుద్ధమంది. ఒకే నడకకు రెండు తీర్పులు. మొదటి తీర్పును సమర్థించే లాయర్లు ఈ రోజుకీ ఉన్నారు, వాళ్లందరూ జాతి వివక్షను సమర్థించేవాళ్లు కారు.

ఆ ఉత్తరం ఆ వారంలో ఊరినేమీ మార్చలేదు. మార్చింది మే 2న సిక్స్‌టీన్త్ స్ట్రీట్ బాప్టిస్ట్ చర్చి నుంచి బయటికొచ్చిన బడిపిల్లలు. వాళ్ల మీదికి కుక్కల్ని, ఫైరింజన్ నీళ్లని వదిలిన ఫొటోలు ప్రపంచమంతా చూసింది. మే 10న ఒప్పందం కుదిరింది. పిల్లల్ని ముందు పెట్టడమేం మగతనమని నల్ల ముస్లిం నాయకుడు మాల్కం ఎక్స్ నిలదీశారు. సెప్టెంబరు 15న అదే చర్చిలో బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయారు.

నల్ల చర్చి కూడా ఒక్క మాట మీద లేదు

అప్పట్లో అతిపెద్ద నల్ల చర్చి సంస్థ నేషనల్ బాప్టిస్ట్ కన్వెన్షన్. 1953 నుంచి 1982 దాకా దాని అధ్యక్షుడు జోసెఫ్ హెచ్. జాక్సన్ కింగ్ పద్ధతిని బాహాటంగా వ్యతిరేకించారు. చట్టాన్ని మీరడం నేర్పితే రేపు మనకు కాపు కాసేదేంటి, వీధుల్లో నడక కంటే సొంత భూమి, సొంత వ్యాపారం ముఖ్యం అన్నది ఆయన వాదం. మాటలతో ఊరుకోలేదు, ఓటు నమోదు చేసుకున్నందుకు భూస్వాములు వెళ్లగొట్టిన టెనెసీ కౌలు రైతుల కోసం ఆయన సంస్థ పొలం కొంది. 1961లో అధ్యక్ష పదవి గొడవలో తోపులాట జరిగి, వేదిక మీంచి పడి ఒక పాస్టర్ ప్రాణం పోయింది. కింగ్ వర్గం విడిపోయి ప్రోగ్రెసివ్ నేషనల్ బాప్టిస్ట్ కన్వెన్షన్ పెట్టుకుంది. కింగ్ హత్య తర్వాత 1968లో షికాగోలో జాక్సన్ చర్చి ముందున్న రోడ్డుకు కింగ్ పేరు పెట్టారు. జాక్సన్ తన చర్చి అడ్రసును పక్క వీధికి మార్పించారు. పగ అంటే పగే.

ఆడవాళ్ల ఫిర్యాదు ఇంకోటి. చర్చిలో బెంచీలు నింపేది, వంట చేసేది, చందాలు పోగు చేసేది వాళ్లు. మైకు పాస్టరుది. కింగ్ సంస్థలో కీలకంగా పనిచేసిన ఎల్లా బేకర్ ఈ ఒక్క హీరో పద్ధతి నచ్చకే 1960లో విద్యార్థులు తమ సంఘం తామే నడుపుకునేలా వెన్నుదన్నుగా నిలిచారు. ఆ సంఘమే మిసిసిపీలోని ఒక చిన్న చర్చిలో పెట్టిన మీటింగుకు 1962లో ఫ్యానీ లూ హేమర్ అనే పొలం కూలీ వచ్చారు. తనకు ఓటు హక్కుందని అక్కడే తెలిసింది. నమోదుకు వెళ్లిన రోజే ఇల్లు పోయింది.

మాల్కం ఎక్స్ విమర్శ వీటన్నిటికంటే మూలానికి వెళ్తుంది: కొట్టినవాడి మతంలోనే ఓదార్పు వెతుక్కోవడమేమిటి? ఈ ప్రశ్న ఆయనతో పుట్టలేదు. నల్ల వేదాంతి హోవర్డ్ థర్మన్ 1935-36లో మన ఉపఖండం పర్యటనకు వచ్చినప్పుడు కొలంబోలో ఒక న్యాయవాది ఇదే అడిగాడు. థర్మన్ ఆ తర్వాత చాలా ఏళ్లు దానికి జవాబు వెతికారు. యేసు కూడా రోమన్ల ఏలుబడిలో అణగారిన పేద యూదుడే, చర్చి వేరు, ఆయన వేరు అన్నది ఆయన చేరిన చోటు. ఇది కొందరికి ఆనింది, కొందరికి ఆనలేదు.

రాజకీయం పాస్టర్ పనేనా?

1965 మార్చిలో అలబామాలోని సెల్మాలో ఓటు హక్కు కోసం జరిగిన ఊరేగింపుల్లో రబ్బీలు, కేథలిక్ సన్యాసినులు, గ్రీకు ఆర్చిబిషప్ కింగ్ వెంట నడిచారు. అదే నెలలో వర్జీనియా పాస్టర్ జెర్రీ ఫాల్వెల్, పాస్టర్ల పని ఆత్మల్ని రక్షించడమే కానీ ఊరేగింపులు కాదని ప్రసంగించాడు. 1979లో అదే ఫాల్వెల్ మోరల్ మెజారిటీ అనే రాజకీయ సంస్థ పెట్టాడు. 'మతాన్ని రాజకీయాల్లోకి లాగొద్దు' అన్న మాట చాలాసార్లు 'మీ రాజకీయాల్లోకి' అన్న అర్థంతోనే వస్తుందని అనుమానించడానికి ఇది చాలు.

కింగ్‌ను అప్పుడే అందరూ మెచ్చుకున్నారన్నది కూడా తర్వాత అల్లుకున్న కథే. 1966లో గ్యాలప్ సర్వేలో 63 శాతం మందికి ఆయన మీద మంచి అభిప్రాయం లేదు.

క్షమించడం ఎవరి బాధ్యత?

ఈ చర్చ 2015లో మళ్లీ రాజుకుంది. జూన్ 17న సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో, ఇమాన్యుయేల్ ఏ.ఎం.ఇ. చర్చిలో బైబిలు స్టడీకి వచ్చి కూర్చున్న తెల్ల యువకుడు తొమ్మిది మందిని కాల్చి చంపాడు. రిచర్డ్ అలెన్ పెట్టిన చర్చి సంఘమే అది. రెండు రోజులకు కోర్టులో మృతుల బంధువుల్లో కొందరు అతణ్ణి క్షమిస్తున్నామన్నారు. దేశం చలించిపోయింది. ఇంతకు మించిన నైతిక బలం ఏముందన్నారు చాలామంది. రక్తం ఆరకముందే క్షమాపణ నల్లవారి నుంచే ఎందుకు ఆశిస్తారు, దాంతో తెల్ల సమాజం చెయ్యాల్సిన పని తప్పించుకుంటుంది కదా అన్నారు మరికొందరు. అన్నవాళ్లలో నల్ల పాస్టర్లు కూడా ఉన్నారు.

హంతకుడు మురిపెంగా పట్టుకున్న కాన్ఫెడరేట్ జెండా, అంటే బానిసత్వాన్ని నిలుపుకోవడానికి విడిపోయి యుద్ధం చేసిన దక్షిణాది రాష్ట్రాల జెండా, అప్పటికింకా ఆ రాష్ట్ర శాసనసభ ఆవరణలో ఎగురుతూనే ఉంది. జూన్ 27న బ్రీ న్యూసమ్ అనే నల్ల యువతి స్తంభం ఎక్కి దాన్ని విప్పేశారు. కిందికి దిగుతూ, అరెస్టవుతూ ఆమె చదివింది 27వ కీర్తన. ఆమె ఒక బాప్టిస్టు పాస్టరు కూతురు. గంట తిరక్కుండానే అధికారులు జెండాను మళ్లీ ఎగరేశారు. శాసనసభ చేసిన చట్టంతో జూలై 10న దాన్ని శాశ్వతంగా దింపారు. ఆ ఓట్లు బంధువుల క్షమకు పడ్డాయా, న్యూసమ్ తెగువకు పడ్డాయా అన్నది ఆ రాష్ట్రంలో ఎవర్ని అడిగారన్న దాన్ని బట్టి ఉంటుంది.